ఫార్మలిన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఆక్వా మందుల దుకాణంలో, కోడిపిల్లల హేచరీలో, కాలేజీ జువాలజీ ల్యాబులో, ప్లైవుడ్ జిగురులో ఉండేది ఒకే రసాయనం: ఫార్మాల్డిహైడ్. అసలు అది వాయువు. సున్నాకి 19 డిగ్రీల దిగువనే మరిగిపోతుంది కాబట్టి అలాగే పట్టి అమ్మడం కుదరదు. నీళ్లలో 37 శాతం బరువున కరిగించి, గడ్డకట్టకుండా 10 నుంచి 15 శాతం మిథనాల్ కలిపితే మనం కొనే ఫార్మలిన్ అవుతుంది. అది చేసే పని ఒక్కటే. ప్రోటీన్ ఎక్కడ కనిపిస్తే అక్కడ అతుక్కుని దాన్ని బిగదీస్తుంది. పురుగు చచ్చేది, శవం కుళ్లకుండా ఉండేది, మన కళ్లు మండేది అందువల్లే. ఈసారి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాల్లో దీని గురించి అడిగినవి ఎక్కువ. వాటికి జవాబులు.

ప్రశ్న: నాలుగెకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచుతున్నానండి. నీళ్లు అయిదడుగులు. చేప గట్టుకి ఒళ్లు రాసుకుంటోంది, మొప్పలు పాలిపోయాయి. దుకాణంలో ఎకరాకి పది లీటర్ల ఫార్మలిన్ చల్లమన్నారు. పక్క చెరువాయన 25 పీపీఎం ఉండాలంటున్నాడు. ఏది వినాలి? – ఒక రైతు, ఆకివీడు

జవాబు: మీ చెరువుకి రెండూ పనికిరావు. ఎందుకో లెక్క వేసి చూడండి.

ఫార్మలిన్ విషయంలో ఒక పీపీఎం అంటే వెయ్యి లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. అయిదడుగులంటే 1.52 మీటర్లు. గుణిస్తే ఎకరాకి సుమారు 6,150 ఘనపు మీటర్ల నీరు, అంటే అరవై లక్షల లీటర్ల పైమాట. అందులో పది లీటర్లు పోస్తే వచ్చేది ఒకటిన్నర పీపీఎం కొంచెం పైన. ఆ మోతాదుకి ఏ పరాన్నజీవీ కదలదు. మీ డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఇక 25 పీపీఎం. అంత రావాలంటే ఎకరాకి 154 లీటర్లు, నాలుగెకరాలకి 600 లీటర్లు దాటుతుంది. ఖర్చు పక్కన పెట్టినా, ప్రతి 5 పీపీఎం ఫార్మలిన్ లీటరుకి ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ని తినేస్తుంది. 25 పీపీఎం వేస్తే 5 మిల్లీగ్రాములు పోతుంది. తెల్లవారుజామున మీ చెరువులో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి మూడో నాలుగో మిల్లీగ్రాములు ఉంటుంది. అందులోంచి అయిదు తీసేస్తే మిగిలేది ఏమీ ఉండదు. పైగా ఫార్మలిన్ నీటిలోని పచ్చ పాచిని కూడా చంపుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చేది ఆ పాచే. అది చచ్చి కుళ్లడం మొదలయ్యేది రెండో రోజు, మూడో రోజు. మందు చల్లిన రోజు అంతా బాగానే ఉండి, మూడో తెల్లవారుజామున చేప నోళ్లు పైకి పెట్టి తేలుతుంది. అప్పుడు రైతు మేతనో వాతావరణాన్నో అనుమానిస్తాడు గానీ ఫార్మలిన్‌ని అనుమానించడు.

కాబట్టి మా మాట ఇది. పెద్ద పెంపకపు చెరువుకి ఫార్మలిన్ తగదు. చేపపిల్లని పెంచే నర్సరీ చెరువులకి, తొట్లకి, చెరువులో పిల్ల వదిలే ముందు దానికి ఇచ్చే మందునీళ్ల స్నానానికి అది బాగుంటుంది. ముందు రెండు మూడు చేపల మొప్ప ముక్క కోయించి సూక్ష్మదర్శిని కింద చూపించండి. ట్రైకోడైనా లాంటి ఏకకణ జీవులైనా, మొప్ప పురుగులైనా కనిపిస్తే ఫార్మలిన్ పనిచేస్తుంది. కంటికి కనిపించే చేప పేను అయితే దానిమీద ఇది పెద్దగా పనిచేయదు. బ్యాక్టీరియా లోపలికి దిగిన జబ్బుకి అసలే పనిచేయదు.

నర్సరీలో వాడక తప్పదనుకుంటే 15 పీపీఎం దాటకండి. అరెకరం, మూడడుగుల నీళ్లకి అది 28 లీటర్లు. ముందు రోజు నుంచి మేత ఆపేయండి. ఎండ బాగా కాసే రోజు చూసుకుని, పొద్దెక్కి డీవో పెరిగాక మొదలుపెట్టండి. మబ్బు పట్టినప్పుడు, నీళ్లు ముదురు పచ్చగా ఉన్నప్పుడు, చేప అప్పటికే తేలుతున్నప్పుడు ముట్టుకోవద్దు. ప్లాస్టిక్ డ్రమ్ములో పదింతల నీళ్లు కలిపి, గాలి వీపుకి తగిలేలా నిలబడి, చెరువంతా సమంగా చల్లాలి. చిక్కటిది ఒకేచోట పడితే అక్కడున్న చేపకి మొప్పలు కాలిపోతాయి. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు మందు చల్లడానికి ముందే వేసి కనీసం మూడు రాత్రులు ఆపకూడదు. కొత్త నీళ్లు పెట్టుకునే దారి చేతిలో ఉండాలి. అది లేకపోతే ఈ పనికి దిగకండి.

స్నానమైతే లెక్క వేరు. 100 లీటర్ల తొట్టికి 17 మిల్లీలీటర్లు పోస్తే 170 పీపీఎం. నీటి వేడి 21 డిగ్రీలు దాటితే ఇదే గరిష్ఠం. మన డెల్టాలో దాదాపు ఏడాదంతా నీళ్లు అంతకన్నా వెచ్చగానే ఉంటాయి కాబట్టి పుస్తకాల్లో కనిపించే 250 పీపీఎంని మరిచిపోండి. ముందు పది పిల్లల మీద అరగంట చూసి, అవి తట్టుకుంటేనే మిగతావాటికి. గాలి పైపు నడుస్తూనే ఉండాలి, మనిషి పక్కనే ఉండాలి. పిల్ల తిరగబడితే వెంటనే మంచినీళ్లలోకి తీయాలి.

ప్రశ్న: నిరుడు కొన్న క్యాన్ అడుగున తెల్లటి సున్నంలాంటిది దిగింది. పైన తేట నీళ్లు వాడుకోవచ్చా? – నర్సాపురం

జవాబు: చేపకీ రొయ్యకీ వాడొద్దు. ఆ తెల్లటిది పారాఫార్మాల్డిహైడ్. ఫార్మాల్డిహైడ్ అణువులు ఒకదానికొకటి గొలుసుగా అతుక్కుంటే అలా దిగుతుంది. ఫార్మలిన్ కంటే అది చేపకి ఎక్కువ విషం. పైనున్న తేటకి ఎంత బలం మిగిలిందో తెలియదు కాబట్టి ఏ లెక్కా నిలవదు. మామూలుగా చలికి ఇలా అవుతుంది. మన దగ్గర అంత చలి లేదు కనుక, క్యాన్ బాగా పాతబడిందనో, మూత వదులై మిథనాల్ ఆవిరైందనో, మొదట్లోనే మిథనాల్ తక్కువ కలిపారనో అనుకోవాలి. కొనేటప్పుడు క్యాన్‌ని వెలుతురుకి పెట్టి చూడండి. తయారీ తేదీ లేనిది తీసుకోకండి.

ప్రశ్న: వెనామీ రొయ్యపిల్ల కొనేముందు హేచరీలో ఫార్మలిన్ పరీక్ష చేయమంటారు. ఎలా చేస్తారు? – కాట్రేనికోన

జవాబు: పిల్ల ఉన్న ట్యాంకు నీళ్లే పది లీటర్లు బకెట్లో తీసుకోండి. అందులో ఒక మిల్లీలీటరు ఫార్మలిన్ కలిపితే 100 పీపీఎం. సూది లేని సిరంజితో కొలవండి, మూతతో కాదు. గాలి రాయి వేసి, లెక్కపెట్టిన వంద పిల్లలు వదిలి అరగంట ఆగండి. అయిదుకి మించి చస్తే ఆ బ్యాచ్ వద్దనే చెబుతాం. అప్పుడే గుల్ల విడిచిన పిల్ల ఎక్కువగా ఉంటే మంచి బ్యాచ్ కూడా తప్పుతుంది, అందుకని మర్నాడు మళ్లీ చూడటం న్యాయం. పరీక్షకి వాడిన పిల్లని చెరువులో వదలకండి. ఈ పరీక్ష చెప్పేది పిల్ల ఒంటి బలం మాత్రమే. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉన్నాయో లేవో ల్యాబులో చేసే పీసీఆర్ పరీక్ష తప్ప మరేదీ చెప్పలేదు.

ప్రశ్న: కోడిగుడ్ల గదికి పర్మాంగనేట్, ఫార్మలిన్ పొగ పెడతాం. ఒక్కోసారి పొగ ఎక్కువ వస్తుంది, ఒక్కోసారి రాదు. షెడ్డులో కూడా పెట్టొచ్చా? – అనపర్తి

జవాబు: కొలత తప్పడమే కారణం. వంద ఘనపుటడుగులకి 20 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్, 40 మిల్లీలీటర్ల ఫార్మలిన్. దీన్ని ఒకటో మోతాదు అంటారు. గుడ్లు లేని ఖాళీ గదిని గట్టిగా శుద్ధి చేయాలంటే దీనికి మూడింతలు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది వెయ్యి ఘనపుటడుగులు. దానికి మూడింతల మోతాదంటే 600 గ్రాములు, 1,200 మిల్లీలీటర్లు.

ఏది ముందు అన్నది ప్రాణం మీదికి వచ్చే విషయం. పాత్రలో ముందు పర్మాంగనేట్ పరిచి, దానిమీద ఫార్మలిన్ ఒక్కసారిగా పోసి బయటికి వచ్చేయాలి. ఫార్మలిన్‌లో పర్మాంగనేట్ వేయకూడదు. చేయి తీసేలోపే ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. పాత్ర మట్టిదో ఎనామిల్‌దో అయి ఉండాలి, పోసేదానికి పదింతల పరిమాణం పట్టాలి. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి కరుగుతుంది. ఈ వాయువు మండే స్వభావం గలది కాబట్టి దగ్గర్లో గడ్డి, ఊక, దీపం ఉండకూడదు. పెద్ద గదికి ఒకే కుండ కాక మూడు నాలుగు పెట్టండి. గుమ్మానికి దూరంగా ఉన్నదాంట్లో మొదట పోసి, గుమ్మం వైపు జరుగుతూ రావాలి. ఇద్దరుండాలి, ఒకరు బయట.

పొగ సరిగా వచ్చిందో లేదో మర్నాడు కుండ చెబుతుంది. అడుగున పొడి గోధుమరంగు మట్టి మిగిలితే పాళ్లు కుదిరినట్టు. తడిగా ఉంటే పర్మాంగనేట్ చాల్లేదు. ఊదారంగు మిగిలితే ఫార్మలిన్ చాల్లేదు. గది వేడి 24 డిగ్రీలకి తగ్గినా, గాలి పొడిగా ఉన్నా వాయువు సరిగా పనిచేయదు. అందుకే నేలా గోడా ముందు తడపమనేది. డెల్టా గాలిలో తేమకి లోటు లేదు కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నాలు తప్ప ఆ బాధ మీకుండదు.

పొదిగే గుడ్లకైతే ఒకటి నుంచి మూడింతల మోతాదులో 20 నిమిషాలు చాలు. పొదగడం మొదలుపెట్టిన 24 గంటల నుంచి 96 గంటల మధ్య మాత్రం అసలు పెట్టొద్దు, లోపలి పిండం చస్తుంది. తర్వాత మిగిలిన వాయువు చావడానికి, పోసిన ఫార్మలిన్‌లో సగం కొలత అమోనియా ద్రావణం గదిలో చల్లవచ్చు.

ఇక షెడ్డు. గుడ్లు పెట్టే కోళ్లుండే మన లేయర్ షెడ్లు పక్కలన్నీ తెరిచే ఉంటాయి. అందులో పొగ పెడితే గాలికి పోయి పక్కింటివాళ్ల కళ్లలో పడుతుంది. మూసి బిగించగలిగే గదికి తప్ప ఈ పద్ధతి వద్దు. షెడ్డుకి కడగడం, సున్నం, పిచికారీ మందులే సరి.

ప్రశ్న: రొయ్యల హేచరీలో పని చేస్తాను. ట్యాంకులు కడిగేటప్పుడు మొదట కళ్లు మండి, ముక్కు కారుతుంది. గంట పోయాక ఏమీ అనిపించదు. ఒంటికి అలవాటైనట్టేనా? – ఉప్పాడ తీరం

జవాబు: కాదు. అలసిపోయింది మీ ముక్కు మాత్రమే. గాలిలో వాయువు అంతే ఉంటుంది, ఒంట్లోకి వెళ్లేదీ అంతే. వాసన తగ్గింది కదా అని లోపలే ఉండిపోవడం దీనితో జరిగే పొరపాట్లన్నిటిలోకీ చెడ్డది.

అమెరికా కార్మిక నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి గాలిలో 0.75 పీపీఎం (ఇక్కడ పీపీఎం అంటే గాలి పది లక్షల పాళ్లలో ఒక పాలు వాయువు), పదిహేను నిమిషాలకి 2 పీపీఎం హద్దు. 20 పీపీఎం దగ్గర ప్రాణాపాయం. కళ్లు మండుతున్నాయంటే చాలామంది విషయంలో అప్పటికే హద్దు దగ్గరికి వచ్చినట్టు. ఏళ్ల తరబడి పీలిస్తే ముక్కు వెనకభాగంలో క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చి, దీన్ని మనుషులకి క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటి మొదటి వర్గంలో పెట్టింది. 2009లో రక్త క్యాన్సర్‌ని కూడా దానికి చేర్చింది.

గుడ్డ కట్టుకుంటే ఆగదు. సర్జికల్ మాస్కు, ఎన్-95 కూడా ధూళినే ఆపుతాయి, వాయువుని ఆపవు. ఫార్మాల్డిహైడ్‌కి పనికొస్తుందని రాసి ఉన్న కాట్రిడ్జ్ మాస్కు కావాలి. కాట్రిడ్జ్‌కి గడువుంటుంది, దాటితే అది ఉత్త డబ్బా. చేతికి నైట్రైల్ గ్లౌజులు, కంటికి పక్కలు మూసిన అద్దాలు. క్యాన్ వంచి పోసేటప్పుడు పడే చుక్క కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర శాశ్వతంగా మబ్బు పట్టవచ్చు. పడితే రెప్పలు తెరిచి పట్టుకుని, ధారగా నీళ్లతో కనీసం పదిహేను నిమిషాలు కడిగి, అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. కడగకుండా ముందు ఆస్పత్రికి బయల్దేరితే దారిలోనే కన్ను పాడవుతుంది. అందుకని మంచినీటి కుళాయి పని చోటికి పది అడుగుల్లో ఉండాలని మీ యజమానిని అడగండి. పని చోట భద్రత అడగడం మీ హక్కు.

చేతులు ఎర్రగా దద్దుర్లు లేస్తే అది ఎలర్జీ మొదలైనట్టు. ఒకసారి పట్టుకుంటే తర్వాత కొద్దిపాటిది తగిలినా లేస్తుంది. అలాంటివారిని ఆ పని నుంచి మార్చడమే మందు.

ప్రశ్న: మా ల్యాబులో నమూనాలు 10 శాతం ఫార్మలిన్‌లో పెట్టమన్నారు. సీసా మీద 37 శాతం అని ఉంది. ఎంత నీళ్లు కలపాలి? – డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: సీసాలో ఉన్నదాన్నే నూటికి నూరుగా లెక్కపెట్టాలి. ఒక పాలు సీసాలోది, తొమ్మిది పాళ్లు నీళ్లు. అదే 10 శాతం ఫార్మలిన్. అందులో అసలు ఫార్మాల్డిహైడ్ నాలుగు శాతమే. 37ని 10కి దించాలనుకుని మూడు పాళ్లు నీళ్లే కలిపితే రెండున్నర రెట్లు ఘాటైనది తయారవుతుంది. నమూనా పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది.

నత్తగుల్లలు, పీతల లాంటివి ఏళ్లకేళ్లు ఉండాలంటే ఒట్టి నీళ్లు చాలవు. ఫార్మలిన్ నిలవుంటే కొంత ఫార్మిక్ ఆమ్లంగా మారి గుల్లని తినేస్తుంది. 100 మిల్లీలీటర్ల ఫార్మలిన్, 900 మిల్లీలీటర్ల నీళ్లలో 4 గ్రాముల మోనోసోడియం ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్ కలపండి. నమూనా పరిమాణానికి ద్రావణం కనీసం పదింతలు ఉండాలి. పెద్ద చేపకైతే పొట్టలోకి సిరంజితో ఎక్కించాలి, లేకపోతే పేగులు ముందు పాడవుతాయి.

ప్రశ్న: చేపలకి ఫార్మలిన్ పూస్తారని విని కొనడమే మానేశాం. ఇంట్లో కనిపెట్టే దారి ఉందా? కడిగితే పోతుందా? – గృహిణి, రాజమండ్రి

జవాబు: ఈ భయం గట్టిగా పాకింది 2018లో. ఆ ఏడు కేరళలో ఫార్మలిన్ కలిపిన చేపలు పట్టుబడ్డాయి. జూలైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్ర చేపల మీద పది రోజులు నిషేధం పెట్టింది. ఆకివీడు, భీమవరం వైపు రైతులకి అది పెద్ద దెబ్బ. చేపని నిలవ ఉంచడానికి ఫార్మలిన్ వాడటం మన దేశంలో నేరం, ఎంత తక్కువైనా సరే.

ముక్కుతో పట్టుకోవడం కష్టం. ఐసు చల్లదనానికి ఘాటు అణగిపోతుంది. ఈగ వాలకపోతే ఫార్మలిన్ అనే మాట నమ్మదగ్గది కాదు, ఐసు మీది చేప మీద ఈగ ఎలాగూ తక్కువే వాలుతుంది. చూడాల్సింది ఒకదానికొకటి పొసగకపోవడం: కన్ను లోపలికి పోయి, మొప్ప రంగు మారి పాతదని తెలుస్తున్నా, కండ మాత్రం రబ్బరులా బిగిసి, నీచు వాసన అసలు రాకపోతే వదిలేయండి. కచ్చితంగా తెలియాలంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన కాగితపు పట్టీ కిట్ ఉంది. పట్టీని చేప ఒంటికి రుద్ది, మందు చుక్క వేసి, రంగుని పక్కనిచ్చిన పటంతో పోల్చుకోవడమే.

ఒక సంగతి న్యాయంగా చెప్పాలి. సముద్రపు చేపల్లో కొన్నిటి కండలో ఫార్మాల్డిహైడ్ దానంతటదే పుడుతుంది. గడ్డకట్టించి నిలవుంచితే ఇంకా పెరుగుతుంది. మన ఒంట్లో కూడా కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. అందుకని పరీక్షలో జాడ కనిపించగానే పూశారని తేల్చకూడదు, ఎంత ఉందో ప్రయోగశాల చెప్పాలి. మన చెరువు శీలావతి, బొచ్చెల్లో ఈ సహజపు జాడ బాగా తక్కువ. పూసిన చేపని ధార కింద కడిగితే పైపైది కొంత పోతుంది గానీ, కండకి పట్టినది ప్రోటీన్‌తో ముడిపడిపోయి ఉంటుంది, పోదు. తెల్లవారుజామున స్థానిక చెరువు చేప వచ్చే మార్కెట్లో, బతికున్నదో అప్పుడే చచ్చినదో కొనుక్కోండి. చేప తినడం మానకండి.

ప్రశ్న: కొత్త ఇంట్లో అలమరాలు చేయించాం. నెల దాటినా తలుపు తీస్తే కళ్లు మండుతున్నాయి. – కాకినాడ

జవాబు: ప్లైవుడ్, పార్టికల్ బోర్డు అతికే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నుంచి వస్తుంది. వేడి, తేమ పెరిగితే ఎక్కువ వదులుతుంది, తీరప్రాంతంలో రెండూ ఉన్నాయి. పగలు తలుపులన్నీ తీసి, ఎదురెదురు కిటికీలు తెరిచి, ఫ్యాన్ పెట్టండి. చెక్క కోసిన అంచులు వదిలేసి ఉంటే పట్టీ వేయించండి, వాయువు ఎక్కువ వచ్చేది అక్కడినుంచే. అగరొత్తులు, సెంటు వాసనని కప్పుతాయి తప్ప వాయువుని తీయవు. పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలో పడుకోకూడదు. ఇకమీద కొనేటప్పుడు వాయువు తక్కువ వదిలే రకమని చెప్పే ఈ-1 ముద్ర ఉన్నదో, ఫినాల్ జిగురుతో చేసే ఐఎస్ 710 రకం ప్లైవుడ్డో అడగండి.

ప్రశ్న: మా గోదాం కాలువగట్టు మీద ఉంది. క్యాన్ పగిలితే ఏం చేయాలి? పొరపాటున ఎవరైనా తాగితే? – దుకాణదారు, రావులపాలెం

జవాబు: కాలువలోకి కడగొద్దు. డెల్టా ఊళ్ల మంచినీళ్ల చెరువులు నిండేది ఆ కాలువతోనే. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువులు నింపుకునే రోజుల్లో పోస్తే ఊరంతా తాగుతుంది. ముందు మనుషుల్ని బయటికి పంపి, తలుపులు తీసి, బీడీ, పొయ్యి ఆర్పించండి. మిథనాల్ ఉన్నందువల్ల 50, 60 డిగ్రీల వేడికే దాని ఆవిరి అంటుకోగలదు. మాస్కు, గ్లౌజులతో పొడి ఇసుక కట్టగా పోసి పీల్పించి, మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి ఎత్తండి. సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం ఉంటే మిగిలిన మరకని అది కట్టేస్తుంది.

నిలవలో ముఖ్యమైన జాగ్రత్త: బాత్రూము యాసిడ్ క్యాన్లు దీని పక్కన పెట్టొద్దు. హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఫార్మాల్డిహైడ్ ఆవిర్లు కలిస్తే బిస్‌క్లోరోమిథైల్ ఈథర్ అనే, ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చే పదార్థం పుట్టగలదు. బ్లీచింగు పౌడరు, పర్మాంగనేట్ వేరే గదిలో ఉండాలి. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో చిల్లరగా పోసి అమ్మడం ఈ రోజే ఆపేయండి. చూడటానికి అది మంచినీళ్లే.

తాగితే: ముప్పై మిల్లీలీటర్లు పెద్దవాడి ప్రాణం తీయగలదు. వాంతి చేయించొద్దు, దిగేటప్పుడు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. స్పృహలో ఉండి మింగగలిగితే కొద్దిగా నీళ్లో పాలో ఇచ్చి 108కి ఫోన్ చేయండి. ఒంట్లో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి రక్తం ఆమ్లమవుతుంది, కలిపిన మిథనాల్ కూడా అదే పని చేస్తుంది. కాబట్టి గొంతు మంట తగ్గిందని ఇంట్లో ఉంచకూడదు. క్యాన్ మీది లేబుల్ చించి రోగితోపాటు పంపండి, మిథనాల్ ఎంత శాతమో డాక్టరుకి వెంటనే కావలసిన అంకె అది.